ఆళ్లగడ్డ మైకులో తిట్లు

వరదొచ్చిన ఊళ్లు చూడ్డానికి ఎవరూ యాత్ర పోరు. పోయొచ్చిన వాళ్లు కూడా దాన్ని యాత్ర అనరు. నేను మాత్రం అంటాను. కాశీ చూశాను, రామేశ్వరం చూశాను, ఏదీ నాకు కల్లోకి రాదు. కుందూ నది పొంగిన ఆ ఏడు నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ గడిపిన ఆ కాస్త కాలం మాత్రం, ఎక్కడైనా జొన్నరొట్టె కాలుతున్న వాసన తగిలితే చాలు, మొత్తం కళ్ల ముందుకొచ్చి కూర్చుంటుంది.

మాది తెనాలి. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. దానికి తోడు హ్యాం రేడియో అనే పిచ్చొకటి. లైసెన్సు తీసుకుని, డాబా మీద తీగ కట్టుకుని, తీరిగ్గా ఎక్కడెక్కడి వాళ్లతోనో గాల్లో మాట్లాడుకునే పిచ్చి. అంటించింది మా ఆడబిడ్డ భర్త సుబ్బారావు అన్నయ్యగారు. కింద పాలు పొంగుతుంటే నేను పైన "హలో హలో" అంటూ కూర్చునేదాన్ని. మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ "మా కోడలికి గాలి సోకింది" అని చెప్పుకునేవారు. నిజమే, సోకింది.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, తుఫానులొచ్చినప్పుడు మా వైపు ఈ డబ్బాలే దిక్కు. సెల్ ఫోన్లు అప్పటికే పల్లెల దాకా వచ్చాయి. కానీ టవరుకు కరెంటు లేకపోతే సెల్ ఫోను జేబులో రాయితో సమానం. నంద్యాల వైపు ఫోన్లన్నీ మూగబోయాయని తెలిసిన రోజే అన్నయ్యగారూ నేనూ రెండు సెట్లు మూటగట్టుకుని రైలెక్కాం.

నల్లమల దాటుతూ

గిద్దలూరు దాటాక రైలు నత్తనడక పట్టింది. కొండల మీంచి దిగిన నీళ్లు పట్టాల పక్కనే పరుగెడుతున్నాయి. దిగువమెట్టలో అడవిలో కాపురముండే ఆడవాళ్లు సీతాఫలాల గంపలతో ఎక్కారు. తెనాలిలో రెండు పండ్లకు పెట్టే డబ్బుకు ఒకావిడ నా ఒడి నిండా పోసింది. బేరమాడదామని తెరిచిన నోరు సిగ్గుపడి మూసుకున్నాను.

ఆవిడ చూపంతా నా కాళ్ల దగ్గరున్న పెట్టె మీదే. అదేమిటని అడిగితే, తీగ లేకుండా దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడే యంత్రమని చెప్పాను. ఆవిడేమీ ఆశ్చర్యపడిపోలేదు. అడవిలో తామూ కూతేసుకుంటామనీ, అవతలి గట్టు మీంచి తిరుగు కూత రాకపోతే పొయ్యి మీద కుండ దించి వెతకబోతామనీ చెప్పింది. అన్నయ్యగారు నన్ను మోచేత్తో పొడిచి, "చూశావామ్మా, లైసెన్సు అక్కర్లేని హ్యాములు" అన్నారు. సొరంగం వచ్చేదాకా ఆవిడ తన మేకల సంగతులు చెబుతూనే ఉంది.

నంద్యాలలో తడిసిన మరమరాలు

నంద్యాలలో దిగేసరికి పల్లపు వీధుల్లోంచి నీళ్లు తీస్తున్నాయి. ప్రతి గోడ మీదా, ప్రతి అరుగు మీదా పరుపులు ఆరేసి ఉన్నాయి. నీళ్లు తాగి ఏనుగుపిల్లల్లా ఉబ్బిన పరుపులు. ఊరంతా తడి పత్తి వాసన.

ఆకలి మీద ఒక బండి దగ్గర ఆగాం. విస్తట్లో తడిసిన మరమరాలు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ పడేశాడు. నాకు ఒళ్లు మండింది. వరదలో తడిసిపోయిన సరుకు మాకంటగడతావా అని కేకలేశాను. బండాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పక్కన తింటున్న వాళ్లు పగలబడి నవ్వారు. అది ఉగ్గాణి అట. మరమరాలు కావాలనే తడిపి, పిండి, పుట్నాల పొడి వేసి తాలింపు పెడతారట. తినగా తినగా నోరు దానంతటదే మూతబడింది. రెండో ప్లేటు అడిగినప్పుడు ఆయన డబ్బులు తీసుకోలేదు. "తిట్లకు సరిపాయె పోమ్మా" అన్నాడు.

సహాయ శిబిరం ఒక కల్యాణ మండపంలో నడుస్తోంది. నడిపేది మద్దిలేటి. ఆటో తోలే మనిషి, ముప్పై దాటి ఉంటాయి. ఆటోవాళ్లను, ట్రాక్టరు వాళ్లను పోగేసి, వెలుగోడు రిజర్వాయరులో చేపలు పట్టే వాళ్ల పుట్టులను, అంటే గుండ్రటి బుట్ట పడవలను, లారీలకెత్తించి ఏటి ఊళ్లకు పంపుతున్నాడు. ఆయన పద్ధతి చూసి నాకు ముచ్చటేసింది. ఉల్లిగడ్డలమ్మే ఆటోకున్న మైకులో, ఇంటికి నాలుగు జొన్నరొట్టెలు కాల్చి ఇవ్వమని వీధివీధికీ చెప్పించేవాడు. మా కోస్తా నుంచి ఎవరో పుణ్యాత్ములు లారీడు పులిహోర పొట్లాలు పంపారు. అవి దారిలోనే పులిసిపోయాయి. ఎండురొట్టెలు మాత్రం ఎన్నాళ్లైనా చెక్కుచెదరవు, తడి తగలకపోతే చాలు. మా పులిహోరను పశువులు కూడా ముట్టలేదని మద్దిలేటి నాతో మర్యాదగా చెప్పాడు.

ఆ మండపం వెనకాల రొట్టెలు తడుతూ కనిపించింది దస్తగిరమ్మ. దూదేకుల ఆవిడ, యాభై ఏళ్లుంటాయి. పత్తి ఏకి పరుపులు కుట్టడం వృత్తి. ఊళ్లో గోడల మీద ఆరుతున్న పరుపుల్లో సగం ఆవిడ చేతివే. "దస్తగిరమ్మగారూ" అని పిలిచాను. నవ్వి, ఆ గారు తీసేయమంది, ఎవరినో పిలిచినట్టుందట.

ఒక్కగానొక్క కూతురు హుసేనమ్మను ఆళ్లగడ్డకు అవతల, వక్కిలేరు దాటాక ఉన్న ఊళ్లో ఇచ్చింది. నెలలు నిండిన మనిషి. పురిటికి తెచ్చుకుందామని వానలకు ముందే తల్లి వెళ్లిందట. పత్తి తీసే కాలం, కూలీలు దొరకరు, ఇప్పుడు రానంది కూతురు. మాటా మాటా పెరిగి తల్లి బస్సెక్కి వచ్చేసింది. తర్వాత నాలుగు రోజులకే ఏరొచ్చింది. ఆ ఊరి నుంచి కబురు లేదు. మేం మర్నాడు ఆళ్లగడ్డకు పోతున్నామని తెలిసి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి నా పక్కన నిలబడింది. రానిస్తారా అని అడగలేదు. ట్రాక్టరు ఎన్ని గంటలకు అని అడిగింది.

సిరివెళ్ల దారి

నల్లరేగడి నేల సంగతి పుస్తకాల్లో చదివాను. కాలు పెట్టాక తెలిసింది. సిరివెళ్ల దగ్గర ట్రాక్టరు కూరుకుపోతే అందరం దిగాం. బురద నన్ను మోకాళ్ల దాకా పట్టుకుని వదలనంది. మాతో వచ్చిన మద్దిలేటి, దస్తగిరమ్మ చెరో రెక్కా పట్టి లాగితే, పెరట్లో కందగడ్డ వచ్చినట్టు వచ్చాను. రేడియో బాటరీ మాత్రం నెత్తి మీంచి దించలేదు. అన్నయ్యగారు నన్ను ముందు కాదు, బాటరీని ముందు అందుకున్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

దారి పొడుగునా చేలల్లో పత్తి నల్లబడి పడి ఉంది. దస్తగిరమ్మ దాన్ని చూసినప్పుడల్లా నోట్లో ఏదో గొణుక్కునేది. కూతుర్ని తిడుతోందో, దేవుణ్ని తలుచుకుంటోందో నాకు అర్థం కాలేదు.

ఆళ్లగడ్డ: దేవుళ్ల షెడ్డు

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్లుంటాయి. ఎత్తు మీద ఉందని ఒక ఆచారి తన షెడ్డు మాకు వదిలేశాడు. ముక్కు ఇంకా రాని వేంకటేశ్వరుడికీ, కాళ్లు లేని నందికీ మధ్య బల్ల వేసి సెట్టు పెట్టాను. బయట వెదురు గడకు తీగ కట్టాం. ట్రాక్టరు బాటరీ తగిలించి మీట తిప్పగానే గుర్రుమని గాలి చప్పుడు వచ్చింది. ఎన్ని పాటలు విన్నా అంత తీయగా అనిపించవు నాకు.

అన్నయ్యగారు రెండో సెట్టుతో, మేం తెచ్చిన బాటరీతో పుట్టెక్కి ఏటి అవతలకు పోయారు. ఊరూరా తిరిగి, క్షేమంగా ఉన్నవాళ్ల పేర్లు నాకు గాల్లో చెప్పడం ఆయన పని. ఆ ఊళ్ల వాళ్ల బంధువులంతా ఆళ్లగడ్డ బజారులో, బస్టాండులో, మసీదు అరుగు మీద పడిగాపులు పడి ఉన్నారు. వాళ్లకు చేరవేయడం మా పని. మసీదుకు జనరేటరుంది, మైకుంది. అజాన్ ఇచ్చే పెద్దాయనను ఊరంతా చాచా అంటారు. పేర్లు చదువుతారా అంటే సంతోషంగా ఒప్పుకున్నాడు. ఎంత తేలిక పనో అనుకున్నాను.

చాచా గొంతు

ఆ సాయంత్రం అన్నయ్యగారి గొంతు వినబడింది. రెండు ఊళ్లు చూశారట. పేర్లు చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాను. అందులో హుసేనమ్మ పేరుంది. బడి మిద్దె మీద ఉంది, బాగానే ఉంది అన్నారు. దస్తగిరమ్మ రొట్టెలు పంచడానికి బస్టాండుకు వెళ్లింది. ఎలాగూ మైకులో వింటుంది కదా, ఎంత మురిసిపోతుందో అని, ఆ కాగితాన్ని మసీదుకు పంపించాను.

చాచా చదవడం మొదలుపెట్టాడు. బరువైన గొంతు. ఊరు పేరు, మనిషి పేరు, కాస్త ఆగడం. మళ్లీ ఊరు పేరు, మనిషి పేరు. మూడో పేరుకు బజారులో ఏడుపు లేచింది. నాలుగో పేరుకు రెండు వైపుల నుంచి లేచింది. నేను బయటికి పరుగెత్తుకొచ్చేసరికి ఒకాయన రోడ్డు మధ్యలో కూలబడి తల బాదుకుంటున్నాడు. మద్దిలేటి మసీదు వైపు ఉరుకుతూ కనిపించాడు.

మా ఊళ్లో మైకంటే పెళ్లిపాటలు, తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లలు. ఇక్కడ నమాజు వేళ కాని వేళ మసీదు మైకులో ఊరు పేరుతో మనిషి పేరొస్తే ఒకటే అర్థం, ఆ మనిషి పోయాడని. హిందువైనా ముస్లిమైనా ఊళ్లో చావు కబురు చెప్పేది ఆ మైకే. ముందుగా "వీరందరూ క్షేమం" అని చాచా అన్నాడు పాపం. ఆ మాట ఎవరి చెవినా పడలేదు. పేర్లు మాత్రం పడ్డాయి.

తప్పు దిద్దుదామని మద్దిలేటి మైకు తీసుకుని, అందరూ బాగున్నారు, నమ్మండి అన్నాడు. అంతే, ఏడుపు ఇంకా పెరిగింది. చావును ముక్కుసూటిగా ఎవరు చెబుతారు? ఒంట్లో బాలేదు, బాగానే ఉన్నాడు, ఒకసారి వచ్చిపో అనే కదా పిలుస్తారు. ఆ తీరు మా వైపూ అంతే.

దస్తగిరమ్మ బస్టాండు నుంచి నడిచి వచ్చింది. ఏడవలేదు. నందికి ఆనుకుని కూర్చుంది. రేడియోలో నేనే స్వయంగా విన్నాను, నీ కూతురు బాగుంది అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఒట్టేయమంటే వేశాను. తల అడ్డంగా ఊపింది.

"మా ఆయప్ప, హుసేనమ్మ నాయన, పత్తి లారీ మీంచి పడినప్పుడు గూడా ఇట్లనే చెప్పినారు టీచరమ్మా. కాలు ఇరిగిందంతే, బాగుండాడు అన్నారు. ఇంటికి పోయి చూస్తే చాప మీద పండబెట్టినారు. నాకు బాగుండాదనొద్దు."

మరేం చెప్పమంటావు అని అడిగాను.

"తిట్టమను. బతికినోళ్లు తిడతారు. నా బిడ్డ తిట్టకుండా ఒక్క మాట మాట్లాడదు. అది నన్ను తిట్టిందని చెప్పు, నమ్ముతా."

ఆ పూట ఆవిడ రొట్టె ముట్టలేదు. మంచినీళ్లు కూడా బతిమాలితే తాగింది.

బతికినోళ్లు తిడతారు

ఆ మాట మద్దిలేటి పట్టుకున్నాడు. పొద్దున్నే అన్నయ్యగారు గాల్లోకి రాగానే, ఇక ఉత్త పేర్లు వద్దని, ప్రతి మనిషి దగ్గరా ఇంటివాళ్లకు ఒక ఫిర్యాదో, తిట్టో అడిగి పంపమని చెప్పించాడు. అన్నయ్యగారు, "మీ దగ్గర ఎండ ఎక్కువగా ఉందా అమ్మా?" అని అడిగారు. విషయం చెప్పాను. నవ్వారు. "సరే, అడుగుతాను" అన్నారు.

హుసేనమ్మ తిట్టు కోసమే ముందు వెనక్కి పొమ్మన్నాను. ఆ దారిలో నీటి వడి పెరిగిందట, మధ్యాహ్నానికి గానీ పుట్టి పోదట. ఈలోపు తానున్న ఊళ్ల తిట్లు పంపడం మొదలుపెట్టారు. నేను రాయడం, మద్దిలేటి చదవదగ్గవో కాదో చూడటం. మసీదు మైకులో తిట్లు చదవడానికి చాచా ససేమిరా అన్నాడు, అల్లా ఇంట్లో ఆ మాటలేమిటని. న్యాయమే. అందుకని ఆ పొద్దున్నే రొట్టెలతో నంద్యాల నుంచి వచ్చిన ఉల్లిగడ్డల ఆటోను పట్టుకున్నాం.

బజారులో ఆటో తిరిగింది. ఫలానా నాగన్న చెబుతున్నాడు, తాను వచ్చేలోపు ఎద్దు అమ్మితే తమ్ముడి కాళ్లు విరగ్గొడతాడట. ఫలానా లక్ష్మమ్మ చెబుతోంది, మొగుడు ఆళ్లగడ్డలో కూర్చుని బీడీలు కాల్చే బదులు పడవ పంపొచ్చు కదా అట. నిన్న రోడ్డు మీద కూలబడిన మనిషే ఆ లక్ష్మమ్మ మొగుడు. మొదట నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత చేతిలో బీడీ పారేసి, "ఆయమ్మే! ఆయమ్మే!" అంటూ ఆటో వెంట పరుగెత్తాడు. జనం నవ్వుతూ ఏడుస్తున్నారు. నా జన్మలో అంత సంతోషం మళ్లీ చూడలేదు. మధ్యాహ్నానికల్లా తిట్టించుకోని వాళ్లు దిగులుపడి మా షెడ్డు ముందు బారులు తీరారు, మా వాళ్లు మమ్మల్ని ఎప్పుడు తిడతారని.

దస్తగిరమ్మ మాత్రం నంది పక్కన అలాగే కూర్చుంది. ఎవరి తిట్టు వచ్చినా తలెత్తి, తనది కాదని తల దించుకునేది. అది చూడలేక నేను చెవిలోని ఇయర్ ఫోను సర్దుకుంటున్నట్టు నటించాను.

హుసేనమ్మ

ఎండ వాలుతుండగా అన్నయ్యగారు పిలిచారు. బడి మిద్దె మీద ఉన్నానని, మనిషి పక్కనే ఉందని చెప్పారు. స్పీకరు పెట్టాను. షెడ్డు నిండా జనం. గరగరల మధ్య ఆడగొంతు సన్నగా వినిపించింది.

"మా, బాగుండావా? నేను బాగుండా. నువ్వు దిగులు పడొద్దు. బువ్వ తిను."

దస్తగిరమ్మ స్పీకరుకు దూరంగా జరిగింది. "ఇది నా బిడ్డ గాదు" అంది. "ఎవరో పలుకుతాండారు."

ఆ పిల్ల ఖర్మ కాకపోతే, పుట్టి బుద్ధెరిగాక తల్లితో మెత్తగా మాట్లాడింది అదే మొదటిసారి అయ్యుంటుంది. మైకు దస్తగిరమ్మ చేతిలో పెట్టి, మీట నొక్కి మాట్లాడాలి, వదిలితే అవతలి మాట వినిపిస్తుంది, నువ్వే మాట్లాడి చూసుకో అన్నాను.

"ఏమ్మే, పత్తి ఏదే? నేనొచ్చి పిలిస్తే పత్తి పత్తి అంటివే, యాడుందే నీ పత్తి? ఏట్లో పాయె గదా! తల్లి మాట ఇన్న్యావా నువ్వు?" ఇంకా చాలా అంది. ఆవిడ మీట వదిలితే గదా! బొటనవేలు బిగుసుకుపోయింది. నేనూ ఆచారీ కలిసి ఆ వేలు ఊడదీశాం.

మీట వదలగానే జవాబు, రేడియో పగిలిపోతుందేమో అన్నట్టు వచ్చింది.

"నీ నోట్లో మన్ను బొయ్య! ఏటి గడ్డనుండే ఊరికి నన్నిచ్చింది ఎవురు? వద్దు మా అని కాళ్లు పట్టుకుంటే ఇన్న్యావా? పత్తి పాయెనని నేనేడుస్తాంటే దెప్పను వచ్చినావా ఆణ్నుంచి? ఈడ బర్రెకు గడ్డి ల్యా, తెల్లారినప్పట్నుంచి నడుము లాగుతాంది, మంత్రసాని ల్యా, పడవ పంపించే తెలివి ల్యాదు గానీ నోరు మాత్రం…"

దస్తగిరమ్మ మైకు ఒళ్లో పెట్టుకుంది. "ఇదే" అంది. "ఇదే నా బిడ్డ." అప్పుడు ఏడ్చింది. నిన్నటి నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. షెడ్డులో ఎవరికీ కళ్లు పొడిగా లేవు, నాతో సహా.

చటుక్కున ఏడుపాపి నా వైపు తిరిగింది. "నడుము లాగుతాందంటాది టీచరమ్మా. నొప్పులు. బిరీన పడవ పంపీ."

మద్దిలేటి అప్పటికే బయట ఆ ఉల్లిగడ్డల ఆటో స్టార్టు చేస్తున్నాడు. దస్తగిరమ్మ కూడా ఎక్కి కూర్చుంది. వడి తగ్గిందో లేదో అడగకుండానే వెలుగోడు బెస్తలు దస్తగిరమ్మను ఎక్కించుకుని పెద్ద పుట్టి ఏట్లోకి దింపారట. మేం షెడ్డులో రేడియో ముందు కూర్చున్నాం. పుట్టి కనబడుతోంది అన్నారు అన్నయ్యగారు. ఎక్కించాం అన్నారు. తర్వాత ఆయనకూ కనబడదు, మాకూ కనబడదు. ఆ మధ్యకాలం ఎలా గడిచిందో చెప్పే భాష నాకు రాదు. ఆచారి చేసేది లేక, వేంకటేశ్వరుడి ముక్కు దగ్గర ఉలి పెట్టి మళ్లీ తీసేశాడు.

చాచా మళ్లీ మైకు పట్టాడు

మద్దిలేటి ఆటో హారను మోగించుకుంటూ వచ్చింది. గట్టు చేరేదాకా తల్లీకూతుళ్లు పోట్లాడుకుంటూనే ఉన్నారట. మసీదు వెనకున్న ఆస్పత్రి మెట్లెక్కాక మాటలాగాయట. ఆడపిల్ల. ఇద్దరూ కులాసా.

వెనకే దస్తగిరమ్మ దిగింది. చీరంతా బురద. ముందు రొట్టె అడిగింది. నిలబడే రెండు రొట్టెలు తిని, నీళ్లు తాగి, మైకులో చెప్పమంది. బజారంతా హుసేనమ్మ సంగతి కోసమే చూస్తోంది కదా.

మద్దిలేటి తల గోక్కున్నాడు. తిట్టు లేనిదే మైకులో పేరు నమ్మకూడదని ఊరికి మేమే నేర్పాం. అరగంట వయసు పిల్లకు ఎవరి మీద ఏం ఫిర్యాదుంటుంది? పేరు కూడా పెట్టలేదాయె.

దస్తగిరమ్మ మూతి తుడుచుకుంది. "ఏడుస్తాందని చెప్పప్పా. ఆస్పత్రి మిద్దె లేచిపోతాందని చెప్పు. సాలు."

షెడ్డు గుమ్మంలో చాచా నిలబడి వింటున్నాడు. ఏడుపు తిట్టు కాదు కదా, అది నేను చెబుతానన్నాడు. మేం వెంట నడిచాం. దారిలో నాకు భయమేసింది, మళ్లీ మసీదు మైకు, మళ్లీ అదే గొంతు, జనం ఏమనుకుంటారో అని. ఆయన గొంతు సవరించుకున్నాడు. బజారు మొత్తం ఆగింది. చేతిలో గ్లాసులు చేతిలోనే ఉన్నాయి.

"ఊరి ప్రజలకు తెలియజేయడమేమనగా, దూదేకుల దస్తగిరమ్మ మనవరాలు ఏడుస్తాంది."

ఎవరూ కదల్లేదు. చాచా ఆస్పత్రి వైపు చెవి పెట్టి విన్నాడు. మళ్లీ మైకు దగ్గరికి వంగాడు.

"ఇంకా ఏడుస్తాంది."